గొంతు చేరని పాట

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, తెల్లవారాక మరోసారి చదివాను. రాక్ సంగీతకారులు బ్రయాన్ జోన్స్, జిమి హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్‌ల మీద నీకున్న ప్రేమ నిజమైనదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. నువ్వు పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే వెళ్ళిపోయిన మనుషుల కోసం ఇంతగా బాధపడగలగడం రాసేవాళ్ళకు ఉండవలసిన గుణమే కనుక, ఆ బాధను తగ్గించుకోమని నేను చెప్పను. అయితే అది కాగితం మీదికి వచ్చేసరికి ఎవరి బాధ వారిది కాకుండా నలుగురికీ ఒకటే అయిపోయింది. నా అభ్యంతరమంతా అక్కడే.

27 అన్న అంకె నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది. 1969 జూలై 3న బ్రయాన్ జోన్స్, 1971 జూలై 3న జిమ్ మారిసన్, ఆ మధ్యలో మిగతా ఇద్దరూ అదే వయసులో పోయారన్నది నిజమే. 1994లో రాక్ గాయకుడు కర్ట్ కోబేన్ కూడా 27 ఏళ్ళకే పోవడంతో ఆ అంకెకేదో శక్తి ఉందన్న నమ్మకం లోకంలో స్థిరపడిపోయింది. 2011లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో పరిశోధకులు వెయ్యిమందికి పైగా సంగీతకారుల వివరాలు లెక్కగట్టి, ఇరవై ఏడో ఏట ప్రత్యేకమైన గండమేమీ లేదని, పేరు తెచ్చుకున్న సంగీతకారులకు ఇరవైలు, ముప్పైలు రెండూ ప్రమాదకరమైన వయసులేనని తేల్చారు. అంకెను పక్కన పెట్టి ఆ నలుగురినీ విడివిడిగా చూడు. తాను స్థాపించిన రోలింగ్ స్టోన్స్ బృందం నుంచి బయటికి వచ్చిన నెలలోపే జోన్స్ ఇంగ్లండులో ససెక్స్‌లోని సొంత ఇంటి ఈతకొలనులో మునిగిపోయాడు. హెండ్రిక్స్ లండన్‌లో నిద్రమాత్రల మత్తులో ఊపిరాడక పోయాడు. అది ఎలా జరిగిందో తేల్చలేక విచారణాధికారి తీర్పును తెరిచే ఉంచాడు. జానిస్ హాలీవుడ్‌లో హోటల్ గదిలో ఒంటరిగా, హెరాయిన్ మోతాదు ఎక్కువై పోయింది. మారిసన్ పారిస్‌లో స్నానాల తొట్టిలో పోయాడు, శవపరీక్ష కూడా జరగలేదు. ఇంత వేరువేరు చావులను ఒకే తాడుకు కట్టినప్పుడు, చదివేవాడి కంటికి తాడే కనిపిస్తుంది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మనిషి పోగానే కళ్ళు పెద్దవవుతాయి, గొంతు గంధర్వగానమవుతుంది, బతికి ఉండగా చేసిన తప్పులు కూడా శోభగా కనిపిస్తాయి. నువ్వు హెరాయిన్‌ను ‘తనను తాను కాల్చుకున్న జ్వాల’ అన్నావు. ఆ మాట కొట్టెయ్యి. హెరాయిన్‌ను హెరాయిన్ అనే రాయి. ‘సంగీత ప్రపంచం మూగబోయింది’, ‘తీరని లోటు’, ‘అశ్రునివాళి’ అన్నవి కూడా తీసెయ్యి. పత్రికలో పనిచేసిన రోజుల్లో అర్ధరాత్రి ఫోను రాగానే అరగంటలో నివాళి తయారుచేయవలసి వచ్చి నేనూ ఆ మాటలు వందలసార్లు వాడాను. ఎవరి పేరు పెట్టినా సరిపోయే వాక్యంలో ఎవరూ ఉండరని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మరి ఏం రాయాలని అడుగుతావు. నా సంగతి ఒకటి చెబుతాను. 1980ల మొదట్లో నేను విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు, హాస్టల్‌లో నా గదిలో ఉండే మిత్రుడి మేనమామ ఓడల మీద పనిచేసేవాడు. ఆయన తెచ్చిన ఎల్పీ రికార్డుల్లో జానిస్ జాప్లిన్ ఆఖరి ఆల్బం ‘పెర్ల్’ ఒకటి. దాన్ని మా మిత్రుడు అరవై నిమిషాల క్యాసెట్టు మీదికి ఎక్కించి, పెట్టె లోపలి అట్ట మీద బాల్‌పెన్నుతో పాటల పేర్లు రాసి నాకిచ్చాడు. మొదటి వైపు ఆఖరి పాటలో గిటారు ఉంది, పియానో, ఆర్గాన్ ఉన్నాయి, డ్రమ్స్ హుషారుగా సాగుతున్నాయి, గొంతు మాత్రం లేదు. ఇప్పుడు మొదలుపెడుతుంది, ఇప్పుడు మొదలుపెడుతుంది అని ఎదురుచూస్తుండగానే రెండున్నర నిమిషాల్లో పాట అయిపోయి, టేపు బుసబుస మాత్రం మిగిలేది. రికార్డింగ్ చెడగొట్టాడని నేను అతనితో గొడవపడ్డాను. సరిగానే ఎక్కించానని అతను ఒట్టు పెట్టుకున్నాడు. నేను నమ్మలేదు. టేప్‌రికార్డర్ బ్యాలెన్స్ మీటను పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పి, ఏదో ఒక స్పీకరులో ఆమె గొంతు దాక్కుని ఉంటుందని చెవి ఆనించి వెతికాను.

అసలు సంగతి తెలిసింది మరో మూడేళ్ళకు. 1970 అక్టోబరు 3, శనివారం, లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో ఆమె బృందం ఆ పాటకు వాద్యాలన్నీ పూర్తిచేసింది. జానిస్ ఆ వరస విన్నది. మర్నాడు ఆదివారం వచ్చి పాడవలసి ఉంది. రాలేదు. వెతుక్కుంటూ హోటలుకు వెళ్ళిన ఆమె సిబ్బంది మనిషి గది తలుపు తీసేసరికి ఆమె పోయి ఉంది. నిర్మాత పాల్ రాత్‌చైల్డ్, తోటి వాద్యకారులు కలిసి ఆల్బం పూర్తిచేశారు. ఆ పాటకు వేరేవాళ్ళ గొంతు పెట్టకుండా, ఆమె పాడవలసిన చోటును అలాగే ఖాళీగా ఉంచి, 1971 జనవరిలో విడుదల చేశారు. నేను క్యాసెట్టు లోపమనుకున్నది ఆమె లేకపోవడమే.

అదే క్యాసెట్టు రెండో వైపు ఇంకో పాట ఉంది. అక్టోబరు 1న, అంటే చనిపోవడానికి మూడు రోజుల ముందు, వాద్యాలేవీ లేకుండా, కాలితో తాళం వేసుకుంటూ ఒకే విడతలో పాడి, ఆఖరున అంతే అని చెప్పి గలగలా నవ్వుతుంది. ఒక వైపు గొంతు లేని వాద్యం, రెండో వైపు వాద్యం లేని గొంతు. నీ వ్యాసంలో జానిస్ గురించి ఆరు పేరాలున్నాయి, ఆ ఆరింటిలోనూ ఆమె చనిపోతూనే ఉంది. ఒక్క వాక్యంలోనైనా ఆమె పని చేస్తూ కనిపించదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళు సగంలో వదిలి వెళ్ళిన పనిని వెతుకు. గురువారం పాడిన మనిషి ఆదివారం పాడవలసిన పాట ఒకటి ఉందని చెబితే చాలు, ఆ నష్టం ఎంతటిదో పాఠకుడికి నువ్వు వేరే విశేషణాలతో చెప్పనక్కర్లేదు.

జానిస్ గురించే మరో సంగతి నీ వ్యాసంలో లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. ఆమె యుక్తవయసు నుంచీ ఆరాధించిన నల్లజాతి బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1937లో మిసిసిపీలో కారు ప్రమాదంలో చనిపోయింది. ఫిలడెల్ఫియా పొలిమేరలోని శ్మశానంలో ఆమె సమాధి మీద ముప్పై మూడేళ్ళపాటు పేరు చెక్కిన రాయి లేదు. చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో నేల తుడిచిన హువానిటా గ్రీన్ అనే మహిళ, జానిస్ కలిసి ఖర్చు పంచుకుని 1970 ఆగస్టులో ఆ రాయి పెట్టించారు. రెండు నెలలు తిరగకముందే జానిస్ పోయింది. ఆమె చితాభస్మాన్ని పసిఫిక్ సముద్రంలో కలిపారు కాబట్టి ఆమెకంటూ సమాధి గానీ రాయి గానీ లేవు. నివాళి అంటే ఏమిటో నాకు తెలిసినంతలో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం లేదు. తన కంటే ముందు పాడినామెకు రాయి లేదని తెలిసి, ఆ రాయి పెట్టించడానికి డబ్బు పంపింది. నువ్వు, నేను రాసే వాక్యాలు కూడా ఆ రాయి చేసే పనే చెయ్యాలి: ఇక్కడ ఫలానా మనిషి ఉంది, ఈ పని చేసింది అని తప్పు లేకుండా చెప్పాలి.

తప్పు లేకుండా అన్న మాట కావాలనే అన్నాను. బెస్సీని తెల్లవాళ్ళ ఆసుపత్రిలో చేర్చుకోకపోవడంతో ఆమె నెత్తురు కారి చనిపోయిందన్న కథనం ఆ ఏడాదే ఒక సంగీత పత్రికలో వచ్చి దశాబ్దాలపాటు ప్రచారంలో ఉండిపోయింది. నిజానికి ఆమెను నేరుగా క్లార్క్స్‌డేల్‌లోని నల్లవాళ్ళ ఆసుపత్రికే తీసుకువెళ్ళారు. ఆ రోజుల అమెరికా దక్షిణాదిలో జాతి వివక్ష ఎంత దారుణంగా ఉండేదో చెప్పడానికి నిజమైన ఉదాహరణలు కావలసినన్ని ఉండగా, జరగనిదాన్ని జరిగినట్టు రాస్తే జరిగినవాటి మీద కూడా నమ్మకం పోతుంది. నీ వ్యాసంలో మారిసన్ బతికే ఉన్నాడేమో అన్న పేరా నాకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇంకొకటి. పెద్ద పేర్ల పక్కన చిన్న పేర్లు రాలిపోకుండా చూసుకో. 1959 ఫిబ్రవరి 3 తెల్లవారకముందు అమెరికాలోని అయోవాలో మంచు కురుస్తున్న చీకట్లో ఒక చిన్న విమానం ఎగిరిన కొన్ని నిమిషాలకే మొక్కజొన్న చేలో కూలిపోయింది. అందులో పోయిన గాయకుల్లో బడ్డీ హాలీకి 22 ఏళ్ళు, రిచీ వాలెన్స్‌కు 17, బిగ్ బాపర్ అని పిలిచే జె.పి. రిచర్డ్‌సన్‌కు 28. ఈ మూడు పేర్లూ రాక్ సంగీతం వినేవాళ్ళందరికీ తెలుసు. విమానం నడిపిన రోజర్ పీటర్సన్‌కు 21 ఏళ్ళేనని ఎంతమందికి తెలుసు? వాళ్ళు విమానం ఎందుకెక్కారన్నది కూడా రాయి: ఎముకలు కొరికే చలిలో వాళ్ళు కచేరీల కోసం తిరుగుతున్న బస్సులో హీటరు పనిచేయక, డ్రమ్మర్ కాళ్ళు చలికి దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. తర్వాతి ఊరికి ముందుగా చేరుకుని కాస్త నిద్రపోదాం, బట్టలు ఉతికించుకుందాం అని హాలీ విమానం మాట్లాడుకున్నాడు. హాలీ నల్ల ఫ్రేము కళ్ళద్దాలు మంచులో కూరుకుపోయి, వసంతంలో మంచు కరిగాక దొరికాయి. వాటిని కవరులో పెట్టి ఆ కౌంటీ కోర్టు భవనంలో ఎక్కడో ఉంచి మరిచిపోతే, 1980లో మళ్ళీ బయటపడ్డాయి. దాదాపు ఇరవై ఒక్క ఏళ్ళు ఆ అద్దాలు కవరులో చీకట్లో ఉన్నాయన్నది నా మనసులోంచి పోదు. పాత యుగం ముగిసిందని చెప్పే పది వాక్యాలకు బదులు నేనైతే ఆ కవరును చూపిస్తాను.

అలాగే 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ కచేరీ. రోలింగ్ స్టోన్స్ పాడుతుండగా వేదిక ముందు మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రవాణ్ణి కాపలాకు పెట్టిన మోటారుసైకిల్ ముఠావాళ్ళలో ఒకడు కత్తితో పొడిచి చంపాడు. హంటర్ తుపాకి బయటికి తీశాడని, అది ఆత్మరక్షణేనని జ్యూరీ నిందితుణ్ణి విడిచిపెట్టింది. నువ్వు ఆ కచేరీని ‘అరవైల స్వప్నం చితికిన రాత్రి’ అన్నావు. చాలామంది అలాగే అన్నారు. ఆ స్వప్నం గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి గానీ, దాదాపు నాలుగు దశాబ్దాలపాటు ఆ కుర్రవాడి సమాధికి కూడా రాయి లేదు. ఆ రోజు అక్కడే మరో ముగ్గురు ప్రమాదాల్లో చనిపోయారు. ఒక తరం కలల కంటే ముందు ఒక తల్లి కొడుకు పోయాడని రాయాలి.

మనుషులతోపాటు పోయిన మిగతావాటి గురించి నువ్వు రాసిన చివరి భాగం బాగుంది, దాన్ని పెంచు. న్యూయార్క్‌లో ఫిల్‌మోర్ ఈస్ట్ అనే రాక్ కచేరీ హాలు 1968 మార్చిలో తెరుచుకుని 1971 జూన్‌లో మూతపడింది, నిండా మూడున్నరేళ్ళు కూడా నడవలేదు. ఆఖరి రాత్రి అక్కడ వాయించిన గిటారిస్టు డ్యువేన్ ఆల్‌మన్ నాలుగు నెలలకు మోటారుసైకిల్ ప్రమాదంలో పోయాడు, 24 ఏళ్ళు. తర్వాత అక్కడ బ్యాంకు వచ్చింది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎందరో గాయకుల అసలు టేపులు కాలిపోయాయి. ఆ సంగతి లోకానికి గట్టిగా తెలిసింది 2019లో. మనిషి పోయాడని మర్నాడే పత్రికల్లో వస్తుంది, అతని గొంతు మొదట పడిన టేపు పోయిందని తెలియడానికి పదకొండేళ్ళు పట్టింది. ఖాళీ క్యాసెట్టు, పాటల పట్టీ ఇస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చే మా ఊరి రికార్డింగ్ సెంటర్లు కూడా ఇప్పుడు లేవు. వాటి గురించి రాయాలనుకుంటే రాయి, కానీ ‘ఆ రోజులే వేరు’ అని మాత్రం రాయకు. నువ్వు ఆ రోజుల్లో లేవు. నేను ఉన్నాను, నాకు కూడా అమెరికా నాలుగోసారి కాపీ అయిన క్యాసెట్టులో వినిపించిందే తప్ప కంటితో చూసింది లేదు. నీకు ఎంత దూరం నుంచి వినిపిస్తోందో ఆ దూరాన్ని దాచకుండా రాయి. ఫోనులో, బస్సులో, చెవిలో తీగ పెట్టుకుని ఆ గొంతు మొదటిసారి విన్నానని నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఉంది, వ్యాసంలో ఎందుకు లేదు?

వ్యాసాన్ని మళ్ళీ రాయి. నలుగురినీ ఒక్కసారే మొయ్యాలని చూడకు, ముందు జానిస్‌తో మొదలుపెట్టు. ఆమె స్టూడియోలో కూర్చుని, రేపు తాను పాడబోయే పాటకు వాద్యాలు మాత్రమే వింటున్న శనివారం సాయంత్రం దగ్గర మొదటి వాక్యం రాయి. ఆమెకు ఆదివారం సంగతి తెలియదు, నువ్వు కూడా తెలియనట్టే రాసుకుంటూ వెళ్ళు. వచ్చే నెల మొదటివారానికల్లా పంపితే చదివి పెడతాను. నా పాత క్యాసెట్టు ఈ ఉత్తరంతోపాటు పంపిస్తున్నాను. అట్ట మీది అక్షరాలు నా మిత్రుడివి. అతను పోయి ఆరేళ్ళయింది. ఆనాడు నేను అతని ఒట్టు నమ్మలేదని ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. టేపు ఇంకా ఆడుతుందో లేదో చూసుకో. మొదటి వైపు ఆఖరి పాట దగ్గర చప్పుడు తగ్గించకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు