రాజమండ్రి–కాకినాడ కెనాల్ రోడ్డు ఎలా వచ్చింది, ఎటు వెళ్తుంది?

దీని కథంతా పక్కనున్న కాలువదే. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు, ఆ ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, ధాన్యం పడవలకు దారి కూడా అయ్యాయి. గాలి లేనప్పుడు పడవకు తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్లు! డెల్టాలో చాలా రోడ్లు అలాంటి గట్ల వెంటే పెరిగాయి, అందుకే కాలువ ఎటు తిరిగితే రోడ్డూ అటే.

రూటు: వేమగిరి, కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట, కాకినాడ. తొందరుంటే రాజానగరం, పెద్దాపురం వైపు ఏడీబీ రోడ్డు (ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో వేసింది) పట్టండి. లేదంటే ఇటే రండి, బిక్కవోలులో తూర్పు చాళుక్యుల గుళ్లు మాత్రం వదలొద్దు.