గ్యాలరీ ప్లగిన్ తీసేయమంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. వర్డ్‌ప్రెస్ సైట్ల నిర్వహణ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, 'పాత గ్యాలరీ ప్లగిన్‌ని ఎలా తీసేస్తారు?' అని అడిగారు. డియాక్టివేట్ చేసి డిలీట్ చేస్తానన్నాను. 'అంతేనా?' అన్నారు. ఇంకేం చెప్పాల్సింది? ఏం నేర్చుకోవాలి?

జవాబు: మీరు చెప్పింది తప్పేమీ కాదు. కాకపోతే అది చివర్లో చేసే పని. ప్లగిన్ (సైట్‌కి అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రామ్) పోతే సైట్లో ఏం మిగులుతుంది, ఏం మాయమవుతుంది అన్నది మీకు తెలుసో లేదో చూడటానికే ఆ ప్రశ్న వేస్తారు.

డియాక్టివేట్ చేస్తే కోడ్ ఆగుతుంది, డేటా అలాగే ఉంటుంది. డ్యాష్‌బోర్డులో డిలీట్ నొక్కితే, ప్లగిన్‌లో అన్‌ఇన్‌స్టాల్ ఫైలు ఉన్నట్లయితే అది నడుస్తుంది. డేటాబేస్ టేబుళ్లనీ, ఒక్కోసారి ఫొటోల్నీ తుడిచేయొచ్చు. అదే ఎఫ్‌టీపీలో, అంటే సర్వర్లోని ఫైళ్లను నేరుగా తెరిచి, ఫోల్డర్ లేపేస్తే ఆ ఫైలు నడవదు. టేబుళ్లు, సెట్టింగులు డేటాబేస్‌లోనే పడి ఉంటాయి. ఇంటర్వ్యూలో ఈ తేడాతోనే మొదలుపెట్టండి.

తర్వాత ఫొటోలు ఎక్కడున్నాయన్నది. ఉదాహరణకు నెక్స్ట్‌జెన్ గ్యాలరీ అనే ప్లగిన్ వాటిని సొంత ఫోల్డర్లో పెట్టుకుంటుంది, మామూలుగా మీడియా లైబ్రరీలో కనిపించవు. క్యాప్షన్లు, ఆల్ట్ టెక్స్ట్ (ఫొటో కనిపించనప్పుడు పనికొచ్చే వివరణ) దాని సొంత టేబుళ్లలో ఉంటాయి. ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే ఆ రాతంతా పోతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే సాధనం డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో మీడియా ఇంపోర్ట్ కమాండ్‌తో ఫొటోతోపాటు టైటిల్, క్యాప్షన్, ఆల్ట్ కూడా ఎక్కించవచ్చు.

ఇక ప్లగిన్‌ని ఏయే పేజీల్లో వాడారో వెతకాలి. గ్యాలరీ కనిపించాల్సిన చోట పేజీలో రాసే చిన్న గుర్తే షార్ట్‌కోడ్. ప్లగిన్ ఆగగానే పేజీల్లో చదరపు బ్రాకెట్లతో షార్ట్‌కోడ్ ఉన్నదున్నట్టు బయటపడుతుంది. పోస్టుల టేబుల్లో ఆ షార్ట్‌కోడ్ పేరుతో లైక్ క్వెరీ (ఆ మాట ఉన్న వరుసల్ని వెతికే ఎస్‌క్యూఎల్ ఆదేశం) నడిపితే జాబితా వస్తుంది. అక్కడితో ఆపొద్దు. విడ్జెట్లు, పేజీ బిల్డర్ డేటా దాచే పోస్ట్‌మెటా టేబుల్, థీమ్ ఫైళ్లు కూడా చూడాలి. థీమ్‌లో ప్లగిన్ ఫంక్షన్‌ని నేరుగా పిలిచి, అది ఉందో లేదో ముందు చూసుకోకపోతే, ప్లగిన్ ఆపిన మరుక్షణం ఫేటల్ ఎర్రర్‌తో ఆ పేజీ ఆగిపోతుంది. అందుకే ఈ ప్రయోగం ఎప్పుడూ స్టేజింగ్ కాపీ (పరీక్షల కోసం పెట్టుకున్న సైట్ నకలు) మీదే.

షార్ట్‌కోడ్ స్థానంలో వర్డ్‌ప్రెస్ సొంత గ్యాలరీ బ్లాక్ సరిపోతుంది. ఫొటో నొక్కితే పెద్దదయ్యే సౌకర్యం 2023లో వచ్చిన 6.4 నుంచి ఇమేజ్ బ్లాక్‌లోనే ఉంది. దానికోసం మరో ప్లగిన్ అక్కర్లేదు. ఒక హెచ్చరిక: డేటాబేస్‌లో మార్పులు ముడి ఎస్‌క్యూఎల్ రీప్లేస్‌తో చేయకండి. సీరియలైజ్డ్ డేటాలో (చాలా విలువల్ని ఒకే వరుసగా కూర్చిన రూపం) ప్రతి టెక్స్ట్ పొడవు కూడా బైట్లలో రాసి ఉంటుంది, అది తప్పితే విడ్జెట్ సెట్టింగులు మాయమవుతాయి. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ సెర్చ్-రీప్లేస్ ఆ పొడవునీ సరిచేస్తుంది.

అన్నీ మారాక లైవ్‌లో పూర్తి బ్యాకప్ తీసి, డియాక్టివేట్ చేసి, కొన్నాళ్లు గమనించి, అప్పుడు డిలీట్. పర్మాలింకులు ఒకసారి సేవ్ చేయాలి, క్యాష్ ఖాళీ చేయాలి. పాత ఫొటో చిరునామాలకు సెర్చ్‌లో పేరుంటే 301 రీడైరెక్ట్ (పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా మళ్లించడం) పెట్టాలి. ఆప్షన్స్ టేబుల్లో ఆటోలోడ్ అయ్యే (దానంతటదే లోడయ్యే) ప్లగిన్ సెట్టింగులు మిగిలితే ప్రతి పేజీకీ అవి లోడవుతూనే ఉంటాయి, వాటినీ తీసేయండి.

నేర్చుకోవాల్సినవి ఎక్కువేం లేవు: సెలెక్ట్, జాయిన్, లైక్ వరకూ ఎస్‌క్యూఎల్, డబ్ల్యూపీ-సీఎల్‌ఐ, ఎర్రర్ లాగ్ చదవడం. సర్టిఫికెట్ కోర్సుల కంటే, మీ కంప్యూటర్లో ఓ వర్డ్‌ప్రెస్ సైట్ పెట్టి, నెక్స్ట్‌జెన్‌లో ఓ 50 ఫొటోలు క్యాప్షన్లతో ఎక్కించి, ఒక్క క్యాప్షన్ కూడా పోకుండా దాన్ని తీసేయడమే మేలైన సాధన. నడిపిన క్వెరీలు, వచ్చిన ఎర్రర్లు, వాటిని సరిచేసిన తీరు ఒక పేజీలో రాసి రెజ్యూమేకి జతచేయండి.