జర్మనీ రైళ్లలో సైనికులు యూనిఫాంలోనే ఎందుకు కనిపిస్తారు?

సెలవుపై ఇంటికి వెళ్లే జర్మన్ సైనికులు కూడా యూనిఫాంలోనే రైలెక్కుతారు, ఎందుకని అడిగారు. కారణం టికెట్టు. 2020 జనవరి 1 నుంచి యూనిఫాం వేసుకున్న సైనికులకు అక్కడ రైలు ప్రయాణం ఉచితం, సొంత పని మీద వెళ్లినా సరే. మామూలు దుస్తుల్లో సొంత పనికి వెళ్తే ఛార్జీ కట్టాల్సిందే.

ఆ షరతు కావాలని పెట్టిందే. 2011లో నిర్బంధ సైనిక సేవను నిలిపివేశాక, ఊరూరా కుర్రాళ్లు బ్యారక్‌లకు వెళ్లొచ్చే రోజులు పోయాయి. సైన్యం జనం కంటికి దూరమైంది. సైనికులు మళ్లీ నలుగురి మధ్య కనిపించాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. నాకిది ఎంతో మంచి ఆలోచనగా తోస్తుంది. పక్క సీట్లో కూర్చున్న మనిషితో నాలుగు మాటలు కలిపితే కలిగే గౌరవం కవాతు చూస్తే కలగదు.

మన దేశంలో జవాన్లకిచ్చే రైల్వే వారంటుకు, అంటే డబ్బు కట్టకుండా టికెట్టు తీసుకునే పత్రానికి, ఇలాంటి యూనిఫాం షరతు లేదు.