స్కూలయ్యాక సాయంత్రం సెంటర్‌కి పంపాలా, ట్యూషన్ పెట్టించాలా? మా పర్లాకిమిడిలో నేను చూసింది చెప్తా

బరంపురం నుంచి ఒకావిడ అడిగారు, బాబు మూడో తరగతి, ఒడియా మీడియం, ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, మా వీధిలో కొత్తగా స్కూలయ్యాక ఫ్రీగా సాయంత్రం సెంటర్ ఒకటి పెట్టారు, కథలూ ఆటలూ పాటలూ అంటున్నారు, దానికి పంపితే నిజంగా చదువొస్తుందా లేక డబ్బు కట్టి ట్యూషన్‌లో పెట్టడమే నయమా అని. నేను ఈ రెండూ చూశానండి, అందుకే రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీద. నా పుట్టిల్లు టెక్కలి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చా. పాతపట్నం దాటితే మా ఊరే, మాటా కూరా చుట్టాలూ అన్నీ ఒకటే, బడి భాష ఒక్కటే మారిపోతుంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, అప్పట్నుంచి ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరుగుతున్నారు. బరంపురంలో మీకూ ఇదే కదా, కొత్తగా చెప్పక్కర్లేదు.

మా బాబు రెండో తరగతి దాకా బాగా చదువుతున్నాడనే అనుకున్నా. నోట్‌బుక్ చూస్తే ఒడియా అక్షరాలు గుండ్రంగా ముత్యాల్లా ఉండేవి. మూడో తరగతిలో లెక్కల పేపర్ చేతికొచ్చింది, ఇరవైకి మూడు. నాకు కాళ్ళాడలేదు. ఎందుకంటే ఆ ముందురోజే వాడికి యాభై రూపాయలిచ్చి కొట్టుకి పంపితే పప్పు, సబ్బు తెచ్చి చిల్లర పైసాతో సహా లెక్క చెప్పాడు. మరి పేపర్లో తీసివేతలన్నీ కూడికలు చేసి పెట్టాడేంటి? కూర్చోబెట్టి అడిగితే అప్పుడు బయటపడింది. లెక్క మీద ‘ఫెడాణ’ అని రాసుంది. ఒడియాలో కూడిక మిశాణ, తీసివేత ఫెడాణ, భాగహారం హరణ. ఫెడాణ అంటే ఏంటో వాడికి తెలీదు, టీచర్ని అడగడానికి భయం, పక్కవాడిది చూసి ఏదో చేసేవాడు. తీసివేత తెలిసిన పిల్లాడు ఆ మాట ఒక్కటి తెలీక మార్కులు పోగొట్టుకుంటున్నాడు.

అంకెలు కూడా అంతే. తెలుగులో ముప్పై తొమ్మిది అంటే ముప్పై, తొమ్మిది అని వినగానే తెలిసిపోతుంది. ఒడియాలో దాన్ని ‘అణచాళిశ’ అంటారు, అంటే నలభైకి ఒకటి తక్కువ అన్నట్టు. టీచర్ ఆ మాట అనగానే మావాడి బుర్ర నలభై దగ్గరికి వెళ్ళిపోయేది, డిక్టేషన్లో నలభై తొమ్మిది రాసేవాడు. ఒకసారి తెలిశాక చిన్న విషయమే, కానీ చెప్పేవాళ్ళుండాలి కదా, నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికీ ఇదంతా విప్పి చెప్పాలంటే ఏ టీచర్‌కైనా కష్టమే, నేను వాళ్ళని తప్పు పట్టను.

అందరూ చేసేదే నేనూ చేశా, ట్యూషన్‌లో పెట్టా. నెలకి మూడొందలు. ఒక గదిలో ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ముప్పై మంది, గైడ్ చూసి జవాబులు బోర్డు మీద రాస్తే వీళ్ళు ఎక్కించుకోవడం, ఇంటికొచ్చి బట్టీ పట్టడం. ఆరు నెలలు పంపా. హోంవర్క్ రోజూ పూర్తయ్యేది, నాకూ నిశ్చింతగా ఉండేది. ఒకరోజు ఆ బట్టీ పట్టిన పేరాలో మధ్యలో ఉన్న మాట మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే చదవలేకపోయాడు. మొదట్నుంచి మొదలుపెట్టి గడగడా అప్పజెప్పుకుంటూ వస్తే తప్ప ఆ మాట దగ్గరికి చేరలేడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

మా వీధి రామమందిరం మండపంలో ఒక రిటైరైన ఒడియా మేష్టారు సాయంత్రం ఐదింటికి పిల్లల్ని కూర్చోబెట్టేవారు. ఆయనది ఒడియా కుటుంబమే అయినా తెలుగు మాలాగే మాట్లాడతారు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి అది మామూలే. మొదటిరోజు పుస్తకం తియ్యమనలేదు. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు లైన్ల పేరా, ఒక చిన్న కథ, ఈ నాలుగూ చూపించి ఎక్కడిదాకా చదవగలడో చూశారు. ఐదు నిమిషాలు పట్టింది. అసర్ సర్వే అని వింటాం కదా, ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి పల్లెటూళ్ళలో ఇంటింటికీ వెళ్ళి పిల్లలకి చదువు ఎంత వచ్చిందో చూసేది, అందులో పిల్లల్ని చూసే పద్ధతి కూడా ఇదే. మావాడు అక్షరాల దగ్గర ఆగిపోయాడు. దాంతో వాణ్ణి ఒకటో తరగతి పిల్లల గుంపులో కూర్చోబెట్టారు.

మా అత్తగారికి కోపం వచ్చేసింది. “ఏటమ్మా, మూడు సదువుతున్న గుంటడ్ని ఒకటో క్లాసోళ్ళ కాడ కూకోబెట్టీసినారా, వీధిలో నలుగురూ ఏటనుకుంటారు” అని. నాకూ లోపల చివుక్కుమంది, అబద్ధం ఎందుకు. మేష్టారు ఒకటే అన్నారు, “అమ్మా, వీడు ఏ క్లాసని నేను అడగట్లేదు, ఎక్కడ ఆగాడో అక్కడ్నుంచి ఎత్తుకుంటున్నా.” ఈ ఒక్కమాట మీకు కూడా చెప్పాలనే ఇంత రాస్తున్నా. స్కూలు సిలబస్‌తో పాటు పరిగెత్తాలి, ట్యూషన్ హోంవర్క్‌తో పాటు పరిగెత్తాలి, పిల్లాడు వెనక ఎక్కడ ఆగిపోయాడో చూడ్డానికి రోజులో ఎవరికైనా ఖాళీ ఉందంటే అది ఆ సాయంత్రం గంటన్నరే.

బోర్డు మధ్యలో నిలువు గీత గీసేవారు, ఇటు ఒడియా అటు తెలుగు. పిల్లలు రోజుకి రెండు మాటలు తేవాలి. నది రెండిట్లోనూ నదే, పుస్తక అంటే పుస్తకం, ఇవి చూసి పిల్లలకి ధైర్యం వచ్చేది, అరె ఇది మనకి తెలిసిందే కదా అని. తర్వాత వేరేగా ఉన్నవి, పాణి నీళ్ళు, భాత అన్నం, ఘర ఇల్లు. మావాడు తెలుగులో వాన అని రాయమంటే ‘బాన’ అని రాసేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. మేష్టారు నవ్వలేదు, ఒడియాలో మామూలుగా బకీ వకీ ఒకే అక్షరం వాడతారు, వీడు ఆ అలవాటుతో రాశాడు, అంటే ఒడియా వీడికి ఒంటబడుతోందన్నమాట అని అందరి ముందూ చెప్పారు. తప్పు చేస్తే తిట్టకుండా ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆరోజు నుంచి వాడు నోరు విప్పాడు. దసరా వెళ్ళాక చేరాడు, సంక్రాంతికి మాటలు కూడబలుక్కున్నాడు, రథయాత్ర నాటికి కథ చదివాడు, మధ్యలో వేలు పెట్టినా చదివాడు. లెక్కల్లో మార్కులు వాటంతట అవే పెరిగాయి, అక్కడ విడిగా లెక్కలేమీ చెప్పలేదు.

ఈ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇంటి భాషలోంచి చదువు చెప్పాలన్నది మా ఊళ్ళో కొత్త సంగతి కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ రాజావారి స్కూల్లో మేష్టారిగా పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బులతో బడులు పెట్టించారు. మైనారిటీ భాషల పిల్లలకి ప్రైమరీ స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుండాలని రాజ్యాంగంలో 350ఏ ఆర్టికల్ కూడా ఉంది. మా వీధి పిల్లలకి అది అందేది మాత్రం ఆ మండపంలోనే, అదీ సాయంత్రం.

ఇక చదువు కాకుండా పెరగడం గురించి. మీరు అడిగిన ప్రశ్నలో అది లేదు, నాకైతే అదే పెద్దది. మా పర్లాకిమిడి పశువుల కొమ్ములతో వస్తువులు చేసే పనికి పేరున్న ఊరు, ఆ పని చేసే ఒక తాతగారిని మేష్టారు ఒక సాయంత్రం పిలిచారు. కొమ్ముని వేడి చేసి మెత్తబడ్డాక ఎలా వంచుతారో, ఎలా రుద్దితే నిగనిగలాడుతుందో చూపించారు. పిల్లలు కదల్లేదు. మర్నాడు దాని గురించి ఐదు లైన్లు ఒడియాలో రాయమన్నారు. మావాడు బోర్డు చూడకుండా సొంతంగా రాసిన మొదటి ఐదు వాక్యాలు అవే, ఆ కాగితం బీరువాలో దాచా, ఇప్పటికీ ఉంది. ఇంకో అమ్మాయి ఉండేది, ఐదో తరగతి, తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది, వాళ్ళమ్మ పనికెళ్తే వాడిని చూసుకోవడం ఈ పిల్ల వంతు. వేరే చోటైతే చంటిపిల్లాణ్ణి తేవద్దంటారు. ఇక్కడ వాడికో పలక ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. ఆ అమ్మాయి చేత చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పించారు. నెల తిరిగేసరికి నిలబడే తీరు మారిపోయింది, తలెత్తి మాట్లాడేది. ఒకరికి చెప్తే మనకి ఇంకా బాగా వస్తుందంటారే, అది ఆ పిల్లలో చూశా.

అన్నీ బాగున్నాయని కూడా చెప్పను. అసలు కష్టం పిల్లల్ని రప్పించడం. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లాలో ఊళ్ళోని కుర్రాళ్ళే వాలంటీర్లుగా ఇలాంటి చదివించే క్యాంపులు పెట్టారు, దాని మీద పెద్ద పరిశోధన జరిగింది, 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ళు కూడా అందులో ఉన్నారు. అసలు ఏమీ చదవలేని పిల్లలు క్యాంపుకి వెళ్ళాక కనీసం అక్షరాలు గుర్తుపట్టారు, కానీ ఊళ్ళో పిల్లల్లో క్యాంపుకి వచ్చింది నూటికి ఎనిమిది మందే. అది చదివినప్పుడు మా మండపమే గుర్తొచ్చింది. కోతలప్పుడు సగం మంది రారు. పెళ్ళిళ్ళ సీజన్ సరేసరి. చలికాలం తొందరగా చీకటి పడిపోతుందని ఆడపిల్లల్ని పంపేవాళ్ళు కాదు. ఇంటింటికీ వెళ్ళి అడిగితేనే తెలిసింది ఇది, మేం ఊరికే శ్రద్ధ లేదనుకున్నాం. అప్పట్నుంచి చలికాలం నాలుగున్నరకే మొదలుపెట్టి ఆరులోపు వదిలేస్తున్నాం, ఒక వీధి పిల్లలంతా కలిసి వెళ్ళేట్టు చూస్తాం, వారానికి రెండుసార్లు ముఢి (మరమరాలు), ఉడకబెట్టిన శనగలు పెడతాం. ఆ తర్వాత నిలబడింది.

‘మేం’ అన్నా కదా, అదెలాగంటే మేష్టారికి కంటి ఆపరేషన్ అయితే రెండు నెలలు మూతపడే పరిస్థితి వచ్చింది, నేనూ ఎదురింటి వదినా కూర్చున్నాం. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం సరిగ్గా రాదు. పిల్లలతో పాటే నేర్చుకున్నా. మా బాబే దిద్దించాడు నాతో.

మరి ట్యూషన్ వద్దా అంటే అలా అనను. దేశం మొత్తం అటే వెళ్తోంది, అసర్ లెక్కల్లో పల్లెల్లో ఎనిమిదో తరగతిలోపు డబ్బు కట్టి ట్యూషన్‌కి వెళ్ళేవాళ్ళు 2018లో 26.4 శాతం ఉంటే 2022లో 30.5 శాతం అయ్యారు, అంతమంది తల్లిదండ్రులు ఊరికే కట్టరు. పదో తరగతిలో లెక్కలు, సైన్స్‌కి మంచి మనిషి దొరికితే పెట్టించండి, నేనూ పెట్టిస్తా. మూడో తరగతి బాబుకి మాత్రం, చదవడం ఇంకా రానప్పుడు, జవాబులు ఎక్కించే ట్యూషన్ వల్ల ఆ లోటు కప్పబడిపోతుంది, మీకు కనపడదు, ఆరో తరగతిలో ఒక్కసారిగా బయటపడుతుంది.

మీ వీధి సెంటర్ ఎలాంటిదో నాకు తెలీదు కాబట్టి ఒక పని చేయండి, రెండురోజులు వెళ్ళి వెనకాల కూర్చోండి. బాబుని ఏ క్లాసు అని మాత్రమే అడిగారా, లేక ఏం చదవగలడో కూర్చోబెట్టి చూశారా గమనించండి. పిల్లాడు తెలుగులో జవాబు చెప్తే ఒడియాలో చెప్పు అని ఆపేస్తున్నారా, లేక ముందు విని తర్వాత ఒడియా మాట అందిస్తున్నారా చూడండి. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒక పెద్దమనిషి దగ్గర ముప్పై మంది ఉంటే పెద్దపిల్లలు చిన్నవాళ్ళకి సాయం చేసే పద్ధతి ఉందా, ఎవరు వస్తున్నారు ఎవరు వెళ్తున్నారు అని రాసుకుంటున్నారా, ఇంటికి ఎవరితో పంపుతున్నారు, అవి కూడా కనుక్కోండి, మొహమాటపడొద్దు. ఇవి బాగుంటే ఆటలేంటి పాటలేంటి అని కంగారు పడకండి. కనీసం మూడు నెలలు మానకుండా పంపండి. ఇంట్లో రోజూ పది నిమిషాలు బాబు ఒడియా పుస్తకంలో ఒక పేరా చదివి దాన్ని మీకు తెలుగులో చెప్పాలి, మీకు ఒడియా రాకపోయినా పర్లేదు, చెప్పలేకపోతే చదవలేదన్నమాట, అక్కడే దొరికిపోతుంది.

మా బాబు ఇప్పుడు ఎనిమిదో తరగతి. శనివారాలు మండపంలో కథల రోజు, పెద్దవాళ్ళు ఎవరో ఒకరు తెలుగులో ఒక కథ చెప్తారు, పిల్లలు దాన్ని ఒడియాలో తిరిగి చెప్పాలి. వాణ్ణి చిన్నపిల్లల దగ్గర కూర్చోబెట్టారని కోప్పడ్డ మా అత్తగారిదే ఈ వారం వంతు, పొద్దున్నుంచి వంటింట్లో తనలో తను ఆ కథ అనుకుంటూ తిరుగుతున్నారు. మీ బాబు పేపర్లు ఏవైనా ఉంటే ఏ లెక్క ఎలా తప్పాడో రాయండి, మాట దగ్గర ఆగాడో లెక్క దగ్గర ఆగాడో నాకు తెలిసినంతలో చూసి చెప్తా.