ఎలెన్ టెర్రీ కార్డు అసలుదేనా? ఇలా చూడండి

షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’లోని లేడీ మాక్‌బెత్ వేషంలో ఉన్న ఇంగ్లండు నటి ఎలెన్ టెర్రీ కేబినెట్ కార్డు (గట్టి అట్టకు అంటించిన పాతకాలపు ఫోటో) కొన్నాననీ, అది ఆ కాలపు ఫోటోనో తర్వాత అచ్చేసిన కాపీయో తేలడం లేదనీ రాశారు. టెన్షన్ పడకండి, చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

మంచి భూతద్దం పట్టుకుని ఆమె పొడవాటి జడలు, గౌను చూడండి. ఆ గౌనుకు నిజమైన పురుగు రెక్కలు కుట్టారు, ఆ మెరుపులు విడివిడిగా కనిపించాలి. వాటి బదులు వరసగా చిన్న చుక్కలు కనిపిస్తే అది అచ్చుయంత్రం మీద వేసిన కాపీయే. కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితమైతే చుక్కలుండవు, కాగితం పీచు తెలుస్తుంది. తెల్లని చోట్లు పసుపు తిరగడం మంచి గుర్తే.

అట్ట సుమారు 11 × 16.5 సెం.మీ. ఉండాలి. ఆమె ఈ వేషం వేసిన నాటకం లండన్ లైసియం థియేటర్లో మొదలైంది 1888 డిసెంబరు చివర్లో. కాబట్టి వెనక 1870ల తేదీ వేసి ఉంటే అస్సలు నమ్మకండి. ఆ వేషంలో ఆమెను తీసిన వాళ్లలో విండో అండ్ గ్రోవ్ స్టూడియో ఒకటి, ఆ పేరు అట్ట మీద ఉందేమో చూడండి.

ఒక్క మాట: తడిగుడ్డతో మాత్రం తుడవకండి, అట్ట నుంచి ఊడదీయకండి.