డబ్బు పడలేదు, వాచీ దారిలో ఉంది: వెనక్కి రప్పించుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి హెచ్‌ఎంటీ పైలట్ వాచీని ఆన్‌లైన్‌లో రూ.9,500కి అమ్మకానికి పెట్టాను. పుణె నుంచి ఒకాయన కొంటానన్నాడు. పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపాడు, డబ్బు జమైనట్టు మెసేజ్ కూడా వచ్చింది. సాయంత్రమే కొరియర్ చేశాను. తెల్లారి చూస్తే ఖాతాలో పైసా లేదు, అతని ఫోన్ స్విచాఫ్. పార్సిల్ ఇంకా చేరలేదు. స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ తగాదా అంటున్నారు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు వెళ్లాల్సింది స్టేషన్‌కి కాదు, కొరియర్ ఆఫీసుకి. పంపినవారు మీరే కాబట్టి రసీదు నంబరు వేసి, డెలివరీ ఆపి సరుకు తిప్పి పంపమని రాసివ్వండి. ఆ కాగితం నకలు మీద ముద్ర వేయించుకోండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే దారిలో ఉన్న డబ్బును ఆపే అవకాశం ఉంటుంది. మీ విషయంలో దారిలో ఉన్నది వాచీ, అందుకే ఈ తొందర.

తర్వాత అతనికి వాట్సాప్‌లో రెండు ముక్కలు రాయండి: 'మీరు మోసం చేశారు, ఈ అమ్మకం రద్దు చేస్తున్నాను.' ఫోన్ ఆపేసినవాడికి మెసేజ్ ఎందుకు అనుకోకండి. మోసంతో కుదిర్చిన ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కింద మీరు రద్దు చేయవచ్చు. అయితే రద్దు చేసేలోపు అతను ఆ వాచీని, ఈ మోసం సంగతి తెలియని వాళ్లకి అమ్మేస్తే సరుకుల అమ్మకం చట్టం 29వ సెక్షన్ వాళ్ల పక్షాన నిలుస్తుంది. కాకతాళీయంగా, ఈ చట్టం వచ్చిన ఏడాది కూడా 1930!

2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం ఆమోదం ఇచ్చింది. ఇప్పుడు పాత వాచీలను ఏరి కొనేవాళ్లున్నారు కాబట్టి చేతులు మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక సివిల్ తగాదా అన్న మాట. కొన్నాక డబ్బివ్వడానికి సతాయిస్తే అది సివిల్. మొదటినుంచీ దొంగ స్క్రీన్‌షాట్‌తో సరుకు లాగేస్తే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఏడేళ్ల వరకు శిక్ష. పుణె వెళ్లక్కర్లేదు, మెసేజ్ అందిన గుంటూరులోనే కేసు నడపొచ్చు. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీగారికి పోస్టులో ఫిర్యాదు పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. ఫోన్లో చాట్ మాత్రం చెరపకండి.

ఒకసారి ఆ 'జమ' మెసేజ్ తెరిచి చూడండి. పైన బ్యాంకు పేరును సూచించే అక్షరాలున్నాయా, మామూలు పదంకెల నంబరుందా? నా దగ్గరికి ఇలాంటి కేసులతో వచ్చేవాళ్లలో చాలామంది దాన్ని నా ముందు కూర్చున్నాకే గమనిస్తారు. స్క్రీన్‌షాట్‌లోని యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య) మీ స్టేట్‌మెంట్‌లో కనిపించేదాకా పార్సిల్ కట్టకూడదు. 'ముందు డబ్బు, తర్వాతే సరుకు' అనడం మొరటుతనం కాదు. అరువు ఒప్పుకోనంతవరకు అది అమ్మేవాడి హక్కు.

డబ్బు రావాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నా నమ్మకండి. పిన్ కొడితే డబ్బు పోవడమే, రావడం ఉండదు. కొన్నవాడొకడై డబ్బు ఇంకెవరి ఖాతా నుంచో వస్తే వాచీ పంపకుండా ముందు బ్యాంకుకి చెప్పండి. అది ఇంకో బాధితుడి సొమ్మైతే ఫ్రీజ్ అయ్యేది మీ ఖాతా.