బండి బాగోగులు: 12 లక్షలకు పాత బెంజి కొనొచ్చా?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది పరకాల దగ్గర పల్లె. మిర్చి, పత్తి వ్యాపారం చేస్తాను. 2013 మోడల్ మెర్సిడెస్ ఎంఎల్ 350 డీజిల్ బండి 12 లక్షలకు ఇస్తామంటున్నారు. ఢిల్లీ బండి. మీటర్ మీద 88 వేల కిలోమీటర్లు ఉంది, ఎయిర్ సస్పెన్షన్ ఉంది. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర 60 లక్షల దాకా ఉండేదట. తమ్ముడు కొందామంటాడు, బాపు వద్దంటాడు. రిపేర్లకు ఎంత అవుతుంది?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడూ, టోకెన్ ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నాను. ఇవ్వకపోతే రెండు రోజులు ఆగండి.

12 లక్షలకు కొన్నా, దానికి వేసే సామాను 60 లక్షల బండి సామానే. బండి పాతబడిందని షాపులో స్పేర్ ధర తగ్గించి ఇవ్వరు. అందుకే మీ దగ్గర సరిగ్గా 12 లక్షలే ఉంటే ఈ బండి వద్దు. కొన్నాక ఇంకో నాలుగు లక్షలు బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచగలిగితేనే మిగతాది చదవండి.

ముందు సస్పెన్షన్ సంగతి. ఎయిర్ సస్పెన్షన్‌లో ఇనుప స్ప్రింగు బదులు రబ్బరు తిత్తి ఉంటుంది. మా షెడ్డులో దాన్ని బెలూన్ అంటాం. కంప్రెసర్ అందులో గాలి నింపి బండిని నిలబెడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మడత పడే చోట సన్నగా పగులుతుంది. రాత్రంతా గాలి పోయి తెల్లారేసరికి బండి ఒక మూలకు కూర్చుంటుంది. స్టార్ట్ చేయగానే మళ్లీ లేస్తుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. ఆ లీకును పూడ్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది.

2020 మేడారం జాతర ముందు భూపాలపల్లి నుంచి ఒక కాంట్రాక్టరు గారు ఇలాంటి బండే తెచ్చారు. జాతరకు వెళ్లాలి, తొందరగా చేయమన్నారు. కంప్రెసర్ కాలింది కదా అని కంప్రెసర్ ఒక్కటే మార్చి పంపాను. లీకు ఉందేమోనని బెలూన్ల మీద సబ్బు నీళ్లు కొట్టి చూడలేదు. మూడు నెలలకే కొత్తది కూడా కాలింది. అది నా తప్పు. రెండోసారి లేబర్ తీసుకోలేదు, కానీ ఆయన కంప్రెసర్‌కు పెట్టిన డబ్బు పోయినట్టే. ఇప్పటికీ ఆ బిల్లు పుస్తకం చూస్తే బాధగా ఉంటుంది. ఆ తర్వాత ఎంత తొందర పెట్టినా లీకు వెతకకుండా కంప్రెసర్ విప్పలేదు.

నా దగ్గర అయ్యే ఖర్చు చెబుతాను. ముందు వైపు బెలూన్‌తో కలిపి ఒక స్ట్రట్ (చక్రం దగ్గర బండి బరువు మోసే షాకబ్సార్బర్ కాలు), బయటి కంపెనీదైతే 50 వేల చుట్టూ. ఒరిజినల్ అయితే లక్ష దాటుతుంది. రెండు పక్కలా ఒకే వయసు రబ్బరు కాబట్టి జంటగా మార్చడమే మేలు. కంప్రెసర్ 40 వేల పైనే. రెండూ కలిసి వస్తే లక్షన్నర అనుకోండి.

దీన్ని కొనకముందే పట్టుకోవచ్చు. సాయంత్రం చదునైన నేల మీద బండి పెట్టించండి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. పొద్దున తలుపు తీయకుండా మళ్లీ కొలవండి. తలుపు తీస్తే సిస్టం మేల్కొని బండిని సర్దుకుంటుంది, అసలు సంగతి తెలియదు. ఒక మూల బాగా దిగితే ధర గురించి మాట్లాడేముందు స్ట్రట్ల లెక్క మాట్లాడండి. రాత్రంతా బండి ఉంచడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే వదిలేయండి.

ఇక ఇంజిన్. ఈ వీ6 డీజిల్ గట్టిదే, నాకు ఇష్టమైన ఇంజిన్. కానీ దీని ఆయిల్ కూలర్ రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో, టర్బో కింద ఉంటుంది. దాని సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) వేడికి గట్టిపడి ఆయిల్ కారుతుంది. ఆ ఆయిల్ వెనక్కి జారి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలుగా పడుతుంది. అది చూసి క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) వెనక సీల్ పోయిందని గేర్‌బాక్స్ దింపినవాళ్లున్నారు. కూలర్ సీళ్ల ఖరీదు చాలా తక్కువ. వాటి దాకా చేరడానికి టర్బో, మ్యానిఫోల్డ్ అన్నీ విప్పాలి కాబట్టి లేబర్, గాస్కెట్లు కలిసి 40–50 వేలు అవుతుంది. పాత సీళ్లు నారింజ రంగువి, తర్వాత వచ్చిన మెరుగైనవి ఊదా రంగువి. మార్పించామని అమ్మేవాళ్లు చెబితే ఆ బిల్లు అడగండి.

గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ 60 వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చాలని నా లెక్క. టైర్లు నాలుగూ ఒకేసారి, ఒకే రకం వేయాలి. బ్రేకు డిస్కులు కూడా చూపించుకోండి.

కాగితాల విషయం కూడా ముఖ్యమే. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాకే అవి చవకగా మన వైపు రావడం పెరిగింది. ఢిల్లీ ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది ఎంతో ఆర్టీవో ఆఫీసులో ముందే లెక్క వేయించండి. 2028లో 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 88 వేలు నిజమో కాదో సర్వీసు రికార్డు తెప్పిస్తే తెలుస్తుంది. మీటర్ తిప్పడం చిన్న పని.

బాపు ఎందుకు వద్దంటున్నాడో మీరు రాయలేదు. మీకు చేతినిండా డబ్బు ఉండేది ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే నాలుగు నెలలే. బండి ఆషాఢంలో ఆగితే హైదరాబాద్‌కు తాడు కట్టి లాగించలేరు. ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించాల్సిందే. ఆ నెలలో లక్షన్నర తీయగలరా అని బాపుతో కూర్చుని లెక్క వేయండి.

ప్రశ్న: నాది 2012 బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్. పొద్దున స్టార్ట్ చేస్తే గొలుసు ఊపినట్టు చప్పుడు, వేడెక్కాక తగ్గుతుంది. టెన్షన్‌గా ఉంది.
– జనగామ నుంచి ఒక సోదరి

జవాబు: అక్కా, చప్పుడు తగ్గిందని నడపకండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ (పిస్టన్లు, వాల్వులు ఒకే తాళంలో కదిలేలా చూసే గొలుసు) ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, ఇంజిన్ పోతుంది. చైన్, గైడ్లు మార్చాలంటే ఇంజిన్ గానీ గేర్‌బాక్స్ గానీ దింపాలి, లక్ష దాటుతుంది. తెలిసిన మెకానిక్‌ను పొద్దున్నే ఇంటికి పిలిచి, చల్లటి ఇంజిన్ చప్పుడు వినిపించండి. షెడ్డుకు నడిపించుకుని వెళ్తే దారిలోనే వేడెక్కి ఏమీ వినపడదు.

ప్రశ్న: కరీంనగర్‌లో క్లినిక్ నడుపుతాను. బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీకి డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైటు మాటిమాటికీ వెలుగుతోంది. తీసేయించమంటున్నారు.
– డాక్టరు గారు, కరీంనగర్

జవాబు: తీసేయించకండి సార్, అది చట్టవిరుద్ధం. ఇంటి నుంచి క్లినిక్‌కు మూడు కిలోమీటర్లు నడిపితే ఫిల్టర్‌లో మసి కాలేంత వేడి పుట్టదు. వారానికి ఒకసారి రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి దాకా ఆపకుండా వెళ్లి రండి. ముందు డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ గీత కంటే పైకి వచ్చి ఉంటే అందులో డీజిల్ కలిసింది, అది మార్పించాకే రోడ్డెక్కండి.